ఎర్త్‌లో పోయిన రెండు వోల్టులు

సంక్రాంతి సెలవులకి దర్శి వెళ్ళిన నాలుగో రోజు, పొద్దున్నే ఆరింటికి, మా కారు సెల్ఫ్ తీసుకోలేదు. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, డాష్‌బోర్డు లైట్లు మసకబారడం, అంతే. వెనక సీట్లో నాయనమ్మ అప్పటికే కూర్చుని ఉంది. ఆ రోజు ఒంగోల్లో ఆమె కుడికంటికి శుక్లాల ఆపరేషన్. నాన్న నా వైపు తిరిగి, “నువ్వు చదివేది కరెంటు చదువే కదరా, ఏందో చూడు” అన్నాడు.

బానెట్ ఎత్తాను. చూశాను. దించేశాను. నేను ఈఈఈ మూడో సంవత్సరం. నెట్‌వర్క్ థియరీలో మంచి గ్రేడే వచ్చింది. పుస్తకంలో అయితే బ్యాటరీ అంటే రెండు గీతలు, వైరు అంటే ఒక గీత. ఇక్కడేమో జిడ్డు, దుమ్ము, టేపు చుట్టిన వైర్ల గుత్తి. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. చివరికి ఆటోలో బస్టాండుకి, అక్కణ్ణించి బస్సులో ఒంగోలు చేరేసరికి ఆలస్యమైపోయింది. ఆపరేషన్ వచ్చే మంగళవారానికి మారింది. “పోన్లేరా, వారం ఆగితే కన్నేం పోదు” అంది నాయనమ్మ. తిట్టినా బాగుండేది.

నా చేతిలో వారం రోజులున్నాయి. అడిగినవాళ్ళంతా తలా ఒక మాట చెప్పారు. బ్యాటరీ మార్చమన్నారు ఒకరు (అది కొని మూడు నెలలే అయింది). సెల్ఫ్ మోటర్ పోయిందన్నారు ఇంకొకరు. డైనమో చార్జింగ్ చెయ్యట్లేదన్నారు మరొకరు. మూడూ నిజమై ఉండొచ్చు. కానీ మూడూ మార్చాలంటే మిరప కోత కూలీలకి తీసిపెట్టిన డబ్బు ముట్టుకోవాలి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను: కొలవకుండా ఏదీ మార్చకూడదు. ఆ వారంలో నేర్చుకున్నదే ఈ వ్యాసం. ఇంట్లో పాత కారు ఉండి, మీటరు పట్టుకోవడం కొత్త అయిన మనలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు చేతిలో ఉండాల్సినవి

ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు, 10 నంబరు స్పానరు, ఉప్పుకాగితం, ఒక నోటుపుస్తకం. వీటితోపాటు పాత 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు అతికించి తయారుచేసుకున్న టెస్ట్ ల్యాంపు.

జాగ్రత్తలు కూడా ముందే చెప్పేస్తాను. చేతి ఉంగరం, కడియం తీసెయ్యండి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు మీద ఉండాలి. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ ముందు తియ్యాలి, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న పెట్టాలి. ఎందుకంటే బండి బాడీ మొత్తం నెగటివే. నెగటివ్ తియ్యకుండా పాజిటివ్ విప్పుతుంటే స్పానరు ఎక్కడ బాడీకి తగిలినా షార్టే. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని దగ్గర నిప్పురవ్వ పనికిరాదు. పసుపు కనెక్టర్లు కనపడితే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి అసలు పోవద్దు.

మొదటి కొలత: బ్యాటరీ

కారు బ్యాటరీలో ఆరు సెల్లులుంటాయి. నిండుగా చార్జింగ్ ఉన్న ఒక్కో సెల్లు దాదాపు 2.1 వోల్టులు, అంటే మొత్తం 12.6. కొన్ని గంటలు కదపకుండా ఉంచి కొలిస్తే 12.6 నిండు, 12.2 సుమారు సగం, 12.0 పావు. మాది ఆ సాయంత్రం 12.0 చూపించింది. బ్యాటరీ విప్పి తీసుకెళ్ళి రాత్రంతా చార్జింగ్ పెట్టించాం. మర్నాడు 12.6 ఉంది. తాళం తిప్పితే ఇంజిను మూలుగుతూ మూలుగుతూ ఎట్లాగో అందుకుంది. ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ మీద కొలిస్తే 14.2 వచ్చింది. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే డైనమో పని చేస్తున్నట్టే. అంటే డైనమో మీద అనుమానం రెండు నిమిషాల్లో తీరిపోయింది.

మిగిలినవి రెండు ప్రశ్నలు. నిండు బ్యాటరీ ఉన్నా సెల్ఫ్ ఎందుకు మూలుగుతోంది? మూడు రోజులు కదపకపోతే బ్యాటరీ ఎందుకు అయిపోతోంది? ఇక్కడ నేను చేసిన తప్పు, రెండిటికీ ఒకటే జవాబు ఉంటుందనుకోవడం. ఒకరోజంతా అట్లా వృథా అయింది.

రెండో కొలత: పారుతున్నప్పుడు చూడాలి

సెల్ఫ్ మోటర్ దగ్గర మీటరు పెడితే 12.6 వచ్చింది. ఎర్త్ వైరు రెండు కొనల మధ్య బీప్ పెడితే చక్కగా కూసింది. అన్నీ బాగున్నాయి, సెల్ఫ్ మాత్రం తిరగదు! ‘అయితే మోటరే పోయింది’ అని దాదాపు తేల్చేశాను.

అప్పుడు నాన్న పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళుతూ అన్న మాట ఒకటి పనికొచ్చింది. మా వైపు సాగర్ కుడికాలువ నీళ్ళు దర్శి బ్రాంచి కాలువ మీదుగా వస్తాయి. చివరి పొలాలవాళ్ళ బాధ అందరికీ తెలిసిందే. “కాలవలో నీళ్ళు నిలబడి ఉన్నప్పుడు చూస్తే ఏం తెలుస్తదిరా, పారేటప్పుడు చూడాలి” అన్నాడు. ఆయన పూడిక గురించి అన్నాడు, నాకు ఓమ్ సూత్రం గుర్తొచ్చింది.

పిల్లకాలవ చివర షట్టరు దించేసి నీళ్ళు కదలకుండా ఆపితే, మధ్యలో ఎంత పూడిక ఉన్నా మట్టం రెండు కొసల్లోనూ ఒకటే. షట్టరు ఎత్తి పారిస్తేనే పూడిక ఉన్నచోట మట్టం పడిపోతుంది. కరెంటూ అంతే. వోల్టేజి డ్రాప్ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్సు. కరెంటు సున్నా అయితే డ్రాపూ సున్నాయే. తుప్పు పట్టిన కనెక్షను కూడా అప్పుడు 12.6 చూపిస్తుంది. బీప్ కూడా నమ్మదగింది కాదు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు కూస్తుంది. సెల్ఫ్ లాగే కరెంటుని ఆ ఒక్క పోగు మొయ్యలేదు.

కాబట్టి సెల్ఫ్ తిరుగుతుండగా కొలవాలి. ఇంజిను అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసేశాం. నాన్న సీట్లో కూర్చుని నాలుగైదు సెకన్లు తాళం తిప్పడం, నేను మీటరు చూడటం, మధ్యలో రెండు నిమిషాలు ఆగడం. మీటరు వైర్లు ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా ఉంచుకోవాలి. నోటుపుస్తకంలో రాసుకున్న అంకెలు ఇవీ:

బ్యాటరీ రెండు టెర్మినళ్ళ మధ్య: 10.9 వోల్టులు.
బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మోటరు బోల్టు దాకా: 0.3.
సెల్ఫ్ మోటరు బోల్టుకీ మోటరు బాడీకీ మధ్య: 8.6.
మోటరు బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా: 2.0.

0.3, 8.6, 2.0 కూడండి. 10.9. కిర్కాఫ్ వోల్టేజి సూత్రం మా వాకిట్లో, జిడ్డు చేతుల మధ్య, సరిగ్గా సరిపోయింది. కిర్కాఫ్ తన సూత్రాలు చెప్పింది 1845లో. అప్పటికి ఆయన మనలాగే విద్యార్థి, వయసు 21. పరీక్షలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు గానీ, అది నిజమని నమ్మింది మాత్రం ఆ రోజే.

ఎర్త్ వైపు డ్రాపు 0.2, మహా అయితే 0.3 వోల్టులు ఉండాలి. మాకు 2.0 పోతోంది. సెల్ఫ్ 80 ఆంపియర్లు లాగుతోందనుకుంటే ఆ చెడ్డ జాయింటు రెసిస్టెన్సు 0.025 ఓములు. మామూలు మీటరు వైర్ల రెసిస్టెన్సే దానికి కొన్ని రెట్లు ఉంటుంది. ఓముల్లో కొలిస్తే ఎందుకు దొరకలేదో అప్పుడు అర్థమైంది. అదే జాయింటు దగ్గర 2 ఇంటూ 80, అంటే 160 వాట్లు ఊరికే వేడిగా పోతున్నాయి. తాళం ఆపేశాక చెయ్యి పెడితే గేర్‌బాక్సుకి బిగించిన ఎర్త్ పట్టీ నిజంగానే కాలింది.

విప్పి చూస్తే పట్టీ కొన కింద పచ్చటి చిలుము, దాని మీద ఎప్పుడో ఎవరో కొట్టిన పెయింటు. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త పట్టీ వేసి బిగించాం. మళ్ళీ కొలిస్తే ఎర్త్ డ్రాపు 0.1. బ్యాటరీ దగ్గర మాత్రం 10.4 వచ్చింది, ముందుకంటే తక్కువ! కంగారు పడకండి. దారి బాగుపడింది కాబట్టి సెల్ఫ్ ఎక్కువ కరెంటు లాగుతోంది, అందుకే బ్యాటరీ ఇంకొంచెం దిగింది. అయినా మోటరుకి అందేది 8.6 నుంచి 10.0కి పెరిగింది. ఇంజిను చప్పుడే మారిపోయింది.

మూడో కొలత: రాత్రిపూట ఎవరు తాగుతున్నారు

రెండో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. బండి ఆపి తాళం తీసినా గడియారానికీ, కంప్యూటరు జ్ఞాపకానికీ కొద్దిగా కరెంటు పోతుంది. అది 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. కొలవడానికి మీటరు ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, బ్యాటరీ నెగటివ్ కేబులు విప్పి, కేబులుకీ టెర్మినలుకీ మధ్య మీటరు పెట్టాలి. తలుపులన్నీ వేసి ఇరవై నిమిషాలు ఆగాలి. మీటరు అట్లా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు. పని అయ్యాక ఎర్ర వైరుని వోల్టుల రంధ్రంలోకి మార్చడం మర్చిపోతే, తర్వాత బ్యాటరీ మీద పెట్టగానే నేరుగా షార్టే. నేను ఒక మీటరు ఫ్యూజు అట్లాగే కాల్చాను.

మాకు 380 మిల్లీఆంపియర్లు వచ్చింది. లెక్క వెయ్యండి: 0.38 ఇంటూ 24 గంటలంటే రోజుకి దాదాపు 9 ఆంపియర్-అవర్లు. మాది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. మూడు రోజుల్లో 27 పోతుంది, మిగిలేది పావు. మొదటిరోజు చూసిన 12.0తో సరిపోయింది.

ఇక ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ మీటరు చూడటమే. ఎర్రటిది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఏది ఎక్కడిదో ముందే ఫోటో తీసిపెట్టుకోండి. ఏడో ఫ్యూజు పీకగానే 380 కాస్తా 30కి పడింది. అది మ్యూజిక్ సిస్టంది. వెనక చూస్తే, ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పసుపు వైరునీ, తాళం తిప్పితేనే కరెంటు రావాల్సిన ఎర్ర వైరునీ కలిపి చుట్టేసి ఉంది. సెట్టు ఆపినట్టు కనిపిస్తుంది గానీ లోపల ఆంప్లిఫయరు మేలుకునే ఉంటుంది.

అట్లా ఎందుకు కలిపారో నాకు బాగా తెలుసు. దసరా సెలవుల్లో, తాళం లేకపోయినా పాటలు రావాలని పట్టుబట్టి కలిపించింది నేనే. కొత్త బ్యాటరీ అంతకు వారం ముందే కొన్నారు. నాన్నతో ఆ మాట చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనకుండా, “అయితే బ్యాటరీ మంచిదేనన్నమాట” అన్నాడు. ఎర్ర వైరు విడదీసి తాళం దారిలోకి కలిపాను. మీటరులో 30 నిలబడింది.

ఇదంతా చూశాక మా బండి కథ అర్థమైంది. నాన్న రోజూ తిప్పినన్నాళ్ళూ బ్యాటరీ నిండుగా ఉండి, చెడ్డ ఎర్త్‌ని ఎట్లాగో నెట్టుకొచ్చింది. నేను వచ్చాక బండి మూడు రోజులు ఆగింది. బ్యాటరీ దిగింది, ఎర్త్ తన వంతు తీసుకుంది, సెల్ఫ్‌కి ఏమీ మిగల్లేదు. బ్యాటరీ మార్చినా, సెల్ఫ్ మార్చినా కొన్నాళ్ళు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదటికొచ్చేది.

మిగతా వాటికీ ఇదే దారి

హారను మోగకపోయినా, హెడ్‌లైటు మసగ్గా ఉన్నా, వైపరు ఆగినా మూడే ప్రశ్నలు: కరెంటు అక్కడిదాకా వస్తోందా, తిరిగి ఎర్త్‌కి పోతోందా, మధ్యలో స్విచ్చో రిలేనో ఆపుతోందా. దారికి సగంలో టెస్ట్ ల్యాంపు పెట్టండి. గట్టిగా వెలిగితే తప్పు అవతలి సగంలో ఉంది, లేకపోతే ఇవతల. మిగిలిన సగాన్ని మళ్ళీ సగం చెయ్యండి. ల్యాంపు కొంచెం కరెంటు లాగుతుంది కాబట్టి, ఉత్త మీటరుకి దొరకని బలహీనమైన కనెక్షన్లు దీనికి దొరుకుతాయి. రిలేలో 85, 86 కాయిలువి, 30, 87 కరెంటు దాటే కాంటాక్టులు. అదే రకం రిలే పక్కన ఇంకొకటి ఉంటే మార్చి చూడండి. ఫ్యూజు మాటిమాటికీ కాలుతుంటే పెద్దది వెయ్యకండి, తీగముక్క అసలే చుట్టకండి. ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

మంగళవారం పొద్దున ఐదున్నరకి తాళం తిప్పాను. అరసెకనులో అందుకుంది. నాయనమ్మ వెనక సీట్లోంచి, “పాటలు పెట్టరా” అంది. తాళం తిప్పే ఉంది కాబట్టి పెట్టాను.