ఎక్స్ఛేంజి చేసిన పని ఇక ఇంటివాళ్లది

టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేరి ఫోన్ మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి. గోదావరి జిల్లాల్లో స్తంభాలెక్కాను, కేబుల్ గుంటల్లో దిగాను, ఆఖరి రోజుల్లో ఫైబర్ కనెక్షన్లూ ఇచ్చాను. ఇన్ని మార్పుల్లోనూ నేను గమనించింది ఒకటే. వసతి పెరిగిన ప్రతిసారీ అంతవరకూ ఎక్స్ఛేంజి చూసుకున్న పని ఏదో ఒకటి చడీచప్పుడు లేకుండా ఇంటివాళ్ల మీదికి వచ్చింది. వచ్చిన సంగతి చాలా ఇళ్లలో తెలియదు. తెలియకే ఇబ్బంది పడుతున్నారు. ఆ పనులేమిటో వరసగా చెబుతాను.

1. ఫోనుకు కరెంటు ఇచ్చే పని మీదే

పాత ల్యాండ్‌లైను మీ ఇంటి కరెంటుతో నడిచేది కాదు. ఎక్స్ఛేంజి బ్యాటరీ గదిలో రెండేసి వోల్టుల సెల్స్ 24 వరసగా కలిపి ఉండేవి. మొత్తం 48 వోల్టులు. అదే రాగి తీగల జంట మీద ప్రతి ఇంటికీ వెళ్లేది. కరెంటు పోతే బ్యాటరీ, బ్యాటరీ దిగేలోగా జనరేటరు. అందుకే ఊరంతా చీకట్లో ఉన్నా రిసీవర్ ఎత్తగానే డయల్ టోన్ వినబడేది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా చూడటం మా దినచర్య.

ఫైబర్‌లో వచ్చేది వెలుగు. దాన్ని మాటగా, నెట్‌గా మార్చే పెట్టె మీ గోడకు ఉంటుంది, మీ ప్లగ్గులో కరెంటుతోనే నడుస్తుంది. కరెంటు పోయిందంటే దాని మీదున్న ఫోనూ మూగబోతుంది. కాబట్టి ఆ పెట్టెకు చిన్న యూపీఎస్ ఒకటి కొనండి. కొనేముందు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి. వోల్టులు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇంట్లో ఇది తప్పనిసరి.

2. ఒకే దారిని నమ్ముకోవద్దు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటుతోపాటు సెల్ టవర్లూ ఆగిపోయాయి. టవరుకూ బ్యాటరీలుంటాయి, డీజిల్ ఉంటుంది. చెట్లు పడి రోడ్లు మూసుకుపోతే డీజిల్ చేరదు, టవరు ఆగుతుంది. ఇంట్లో నలుగురు ఉంటే నలుగురికీ ఒకే కంపెనీ సిమ్ పెట్టించకండి, ఒకటైనా వేరేది ఉండాలి. తుఫాను హెచ్చరిక రాగానే ఫోన్లు, పవర్ బ్యాంకులు నిండుగా ఛార్జి చేయండి. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉంచండి. ఆపదలో పిలవాల్సిన నంబరు 112 అని పిల్లలకు కూడా నేర్పండి.

3. లోపం ఎక్కడుందో మొదట చూసే కన్ను మీదే

రాగి తీగల కాలంలో వానాకాలం వచ్చిందంటే మాకు కంటిమీద కునుకు ఉండేది కాదు. కేబుల్ జాయింటులోకి నీరు దిగితే లైన్లో గరగర మొదలయ్యేది. మీరు ఫిర్యాదుల నంబరు 198కి చెబితే ఎక్స్ఛేంజిలోనే లైను టెస్ట్ చేసి, తప్పు కేబుల్లో ఉందో ఇంట్లో ఉందో పట్టుకునేవాళ్లు. ఆ తర్వాత మేం వీధిలోని పెద్ద కేబుల్ పెట్టె, అంటే పిల్లర్ తెరిచి, అక్కణ్ణుంచి ఇళ్లకు తీగలు పంచే డీపీ పెట్టె దాకా, డీపీ నుంచి మీ గుమ్మం దాకా జంట వెంట జంట వెతుక్కుంటూ వచ్చేవాళ్లం.

ఇప్పుడు మొదటి పరీక్ష మీ గోడకున్న ఫైబర్ పెట్టె మీది దీపాలే చేస్తాయి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రగా వెలిగితే లోపలికి వెలుగు రావడం లేదని అర్థం. ఎక్కడో ఫైబర్ తెగింది, లేదా మీ ఇంట్లోనే నలిగింది. సోఫా వెనక్కి జరిపినప్పుడో, సున్నాలు వేసినప్పుడో ఆ సన్నని తీగ మడత పడుతుంది. రాగి తీగ మడిచినా మాట మోసేది. గాజు పోగును మరీ వంచితే వంపు దగ్గర వెలుగు బయటికి జారిపోతుంది. పెట్టెకు తగిలించిన ఫైబర్ కొసను ఊడదీసి వేలితో తుడవకండి, ఆ మరక చాలు సిగ్నల్ పడిపోవడానికి. ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ రావట్లేదు" అని ఊరుకోకుండా ఏ దీపం ఏ రంగులో ఉందో చెప్పండి. సగం పని అక్కడే తెములుతుంది.

పెట్టెను టీవీ వెనకో ఇనప బీరువా పక్కనో దాచకండి. ఇంటి నడుమ, మనిషెత్తులో, నలువైపులా తెరపిగా ఉండాలి. ఈ ఒక్క మార్పుతో చాలా ఇళ్లలో "స్లో"గా ఉందన్న ఫిర్యాదు తీరిపోయింది.

4. పిలిచేది ఎవరో తేల్చుకునే పని మీదే

ట్రంక్ కాల్ రోజుల్లో మీకూ అవతలివాళ్లకూ నడుమ ఒక మనిషి ఉండేది. ఫలానా ఊరు, ఫలానా నంబరు అని బుక్ చేసి కూర్చునేవాళ్లు. పీపీ కాల్ అయితే మీరు పేరు చెప్పిన మనిషి లైన్లోకి వచ్చాకే ఆపరేటరు కలిపేది. మంచి ఆపరేటరు గొంతు విని ఇంటిపేరు చెప్పగలిగేది.

ఆ మనిషి ఇప్పుడు లేదు. తెర మీద కనబడే పేరు, ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. పోలీసులమనో, కొరియర్‌లో మీ పేరిట మత్తుమందు దొరికిందనో, వీడియో కాల్‌లోనే "డిజిటల్ అరెస్ట్" చేశామనో బెదిరిస్తారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు. ఏ పోలీసూ ఫోన్లో అరెస్టు చేయడు. చేయాల్సింది ఒక్కటే: ఫోన్ పెట్టేయండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆ క్షణమే సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఓటీపీ కన్నకొడుకు అడిగినా సరే, పెట్టేసి తిరిగి అతని నంబరుకు మీరే చేసి కనుక్కున్నాకే చెప్పండి.

5. నంబరును బతికించుకునే పని మీదే

ఒకప్పుడు బిల్లు కట్టకపోతే ముందు అవుట్‌గోయింగ్ ఆగేది, తర్వాతే లైను తీసేవాళ్లు. పోతే ఫోనే పోయేది. ఈనాడు బ్యాంకు, ఆధార్, గ్యాస్, పింఛను అన్నీ ఒక్క నంబరుకే కట్టి ఉన్నాయి. ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులకు పైగా అసలు వాడకుండా, బ్యాలెన్సూ లేకుండా వదిలేస్తే కంపెనీ తీసేయవచ్చు. కొన్నాళ్లకు అదే నంబరు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి పోతుంది, మీ బ్యాంకు మెసేజీలు వాళ్లకు వెళతాయి. పెద్దవాళ్ల రీఛార్జి తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టండి. నంబరు మార్చక తప్పకపోతే ముందు బ్యాంకులో మార్చండి, సిమ్ సంగతి ఆ తర్వాత. మీ పేరిట ఎన్ని సిమ్‌లున్నాయో టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చూసుకోవచ్చు. మీది కానిది కనబడితే అక్కడే చెప్పవచ్చు.

ముఖ్యమైన ఓ పది నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఫోన్ పోయిన నాడు ఆ కాగితమే దిక్కు.

6. మాట చవకైంది, మాట్లాడే పని మిగిలింది

ఎస్టీడీ బూత్ కాలాన్ని తలుచుకోండి. రాత్రి పదకొండు దాటితే పావు ఛార్జి అని జనం క్యూ కట్టేవాళ్లు. కోనసీమలోనూ కరీంనగర్ వైపునా గల్ఫ్ వెళ్లిన మగవాళ్ల ఫోను బూత్‌కే వచ్చేది. బూత్ కుర్రాడు వీధి చివరి దాకా పరిగెత్తి కబురు చెబితే, ఇంట్లో ఉన్న భార్య పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేది. మళ్లీ ఫోన్ వచ్చేదాకా నిలబడి, అద్దాల గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి లాక్కునేది. అవతల మీటరు తిరుగుతోందని ఇద్దరికీ తెలుసు. అందుకే అత్తగారి జబ్బు, డ్రాఫ్టు అందిందా లేదా, పిల్లాడి బడి ముందే అనుకుని వచ్చి వరసగా చెప్పేది. ఆఖర్న పిల్లాడి చెవికి రిసీవర్ ఆనించేది.

1995 జులై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కలకత్తా నుంచి కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌కు దేశంలో తొలి మొబైల్ కాల్ చేసినప్పటి నుంచి మరో ఎనిమిదేళ్లు, వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాం. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక నిమిషాలు లెక్కపెట్టడమే పోయింది. ఇది మామూలు మేలు కాదు. డాలస్‌లో ఉన్న మనవరాలి మొహం తెనాలిలో అమ్మమ్మ రోజూ చూస్తోందంటే, ఈ శాఖలో పనిచేసినవాడిగా నాకు ఎంతో సంతోషం. అయితే ఖర్చు భయం ఉన్న రోజుల్లో జనం ఏం చెప్పాలో ఆలోచించుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడా ఆలోచన మనంతట మనమే చేసుకోవాలి. వారంలో ఒక వేళ పెట్టుకోండి, టీవీ కట్టేయండి, ఒంట్లో ఎలా ఉంది, మందులున్నాయా, చేతిలో డబ్బుందా అని అడగండి. ఫార్వర్డ్ మెసేజీ పంపితే పలకరించినట్టు కాదు.

7. ఈ పనులు ఎవరివో ఇంట్లో తేల్చండి

ఎక్స్ఛేంజిలో ప్రతి పనికీ ఒక మనిషి ఉండేవాడు. బ్యాటరీ ఒకరిది, కేబుల్ ఒకరిది, ఫిర్యాదుల పుస్తకం ఒకరిది. ఎవరిదీ కాని పని జరిగేది కాదు, ఇల్లయినా అంతే. సంక్రాంతికి వచ్చిన పిల్లలు అమ్మానాన్నలకు కొత్త ఫోన్ కొనిచ్చి వెళ్లిపోతే చాలదు. యూపీఎస్ పెట్టించాలి, గోడ మీద కాగితం అంటించాలి, రీఛార్జి ఎవరు చేస్తారో చెప్పాలి, 1930 నంబరు నోటికి వచ్చేదాకా చెప్పించాలి. పక్కింట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే వాళ్ల పనీ మనదే అనుకోవాలి. మేం నెలజీతం తీసుకుని చేసిన ఈ కాపలాను మీరు అభిమానంతో చేయగలరు. ఓ పూట చాలు, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.