పగ్గము పట్టు పాఠము

అమెరికాలో రెండు చక్రముల తేలిక బండికి గుఱ్ఱమును పూన్చి, సాధారణముగా 1 మైలు పందెము తోలుదురు. గుఱ్ఱము ట్రాట్ లేక పేస్ అను నడకలోనే పోవలెను, దౌడు తీయరాదు.

వృత్తిగా కాక ఇష్టముకొలది నేర్చుకొనువారు మొదట శిక్షణ బండిపై నిదానముగా తోలుదురు. పిమ్మట అర్హత పందెములలో తోలి అనుమతి పొందుదురు.

వారు నేర్వవలసిన కష్టమైన పాఠమేది? గుఱ్ఱము దౌడునకు దిగినయెడల, తాము ముందున్నను, చోటు చూచి ప్రక్కకు తీసి, పగ్గము లాగి, సరియైన నడకకు మరల్చవలెను. స్థానము పోవును, అయినను వెనుకవారికి అపాయము తప్పును.

యాకోబు పత్రిక 3వ అధ్యాయము గుఱ్ఱపు కళ్లెమునుండి నాలుకయొద్దకు మనలను నడిపించుచున్నది. ప్రియులారా, కోపము దౌడు తీసినప్పుడు, వాదములో వెనుకబడుటకైనను ఒప్పుకొని, మన మాటకు పగ్గము వేయుదము.