ఎడబాటు నేర్పిన పాఠం

కళాశాల విద్యార్థికి స్నేహాలు రెండు విధాలు. కష్టసుఖాలు పంచుకొనే ఆప్తమిత్రులు కొందరు. బస్సులోనో, గ్రంథాలయంలోనో, ఆటస్థలంలోనో ఎదురుపడి చిరునవ్వుతో పలకరించే పరిచయస్థులు ఎందరో. అంటువ్యాధి ప్రబలినప్పుడు ఈ రెండు బంధాలూ ఒకే విధంగా నిలువవు.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొన్నది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. హైదరాబాదులోని వసతిగృహాల నుండి స్వగ్రామాలకు బయలుదేరిన విద్యార్థులు ఎందరో ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు వద్ద నిలిచిపోయారు. చాలామందికి మిత్రుల వద్ద వీడ్కోలు తీసుకొనే వ్యవధి కూడా లేకపోయింది.

తరువాత పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి. ఆప్తమిత్రుల చెలిమిని ఫోను నిలిపింది. కాని ఎదురుపడితేనే చిగురించే పరిచయాలు వాడిపోయాయి. ఆ ఏడు కొత్తగా చేరినవారిలో అనేకులకు సహాధ్యాయులు తెరమీది పేర్లుగానే మిగిలారు. స్మార్ట్‌ఫోను లేని పేద విద్యార్థి పాఠానికే కాక స్నేహానికీ దూరమయ్యాడు.

వ్యాధికి తోడు భయం మరొక గోడ కట్టింది. పూర్తిగా కోలుకొన్న మిత్రుని పక్కన కూర్చొనడానికి సైతం కొందరు జంకారు. వ్యాధి సోకడం నేరం కాదు. కోలుకొన్నవానిని వెలివేయడం మాత్రం అన్యాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే 'సామాజిక దూరం' అనుటకు బదులు 'భౌతిక దూరం' అనే మాటను ఎంచుకొన్నది. ఎడంగా ఉండవలసినవి దేహాలే గాని మనసులు కావని దాని భావం. తరగతిలో కొన్నాళ్లుగా కనబడని సహాధ్యాయిని గురించి ఆరా తీసి, ఒక్క మాట పలకరించడం ఎటువంటి విపత్తులోనైనా విద్యార్థి చేయదగిన పని.