కాగితాలలో నిలిచిన ట్రాలీ

మద్రాసు నగరవాసులు 'ట్రాము' అని పిలిచిన బండినే అమెరికా ప్రజలు 'ట్రాలీ' అన్నారు. వీధి మధ్య పరచిన ఇనుప పట్టాల మీద విద్యుచ్ఛక్తితో నడిచే బండి అది. పట్టాలకు పైన, స్తంభాల ఆధారంతో ఒక రాగి తీగ సాగిపోతుంది. బండి కప్పు మీది పొడవైన కడ్డీ ఆ తీగను తాకుతూ ఉంటుంది. కడ్డీ కొసన, తీగ కింద దొర్లే చిన్న చక్రానికే మొదట ట్రాలీ అని పేరు. క్రమంగా అది బండికంతటికీ పేరై స్థిరపడింది. సుమారు 600 వోల్టుల విద్యుత్తు తీగ నుండి దిగి, మోటార్లను తిప్పి, పట్టాల ద్వారా వెనుకకు మరలేది.

ఈ విధానాన్ని ఒక నగరమంతటా జయప్రదంగా అమలు పరచిన ఖ్యాతి ఫ్రాంక్ జూలియన్ స్ప్రేగ్ అనే ఇంజనీరుకు దక్కింది. 1888లో ఆయన వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్ నగరంలో ఎత్తుపల్లాల వీధులలో ట్రాలీలను నడిపి చూపాడు. అంతవరకు గుర్రాలు లాగుతూ వచ్చిన బండ్లకు అక్కడి నుండి కాలం చెల్లింది. 1917 నాటికి అమెరికాలో ఇటువంటి మార్గాలు సుమారు 45,000 మైళ్ళకు విస్తరించాయి. ఆ తరువాత మోటారు కార్లు పెరిగాయి, బస్సులు వచ్చాయి, 1929 నాటి ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. అనేక నగరాలలో అయిదు సెంట్ల చార్జీని పెంచే వీలు లేక కంపెనీలు దివాలా తీశాయి. పట్టాలను పెకలించారు. బండ్లలోని లోహం కోసం కొయ్య భాగాలకు నిప్పు పెట్టారు. కాలకుండా మిగిలిన కొన్ని పెట్టెలు పల్లెలకు చేరి విశ్రాంతి గృహాలయ్యాయి, కోళ్ళ గూళ్ళు కూడా అయ్యాయి.

1939 జూలైలో మెయిన్ రాష్ట్రంలోని బిడిఫర్డ్, సాకో పట్టణాల మధ్య ట్రాలీలు ఆగిపోయాయి. చివరి ప్రయాణం చేయడానికి వచ్చిన కొందరు యువకులు, ఆ బండ్లు తుక్కుకు పోనున్నాయని విని ఊరుకోలేకపోయారు. తలా కొంత వేసుకొని 150 డాలర్లకు 31వ నంబరు బండిని కొన్నారు. దానికి పట్టాలు లేవు, విద్యుత్తు లేదు. కెన్నెబంక్‌పోర్టు వద్ద కొద్దిపాటి స్థలం సంపాదించి అక్కడికి చేర్చారు. ఆ ఒక్క బండితో మొదలైన 'సీషోర్ ట్రాలీ మ్యూజియం'లో నేడు రెండు వందల యాభైకి పైగా వాహనాలున్నాయి.

అయితే వేల సంఖ్యలో నశించిన బండ్లలో ఇలా రక్షణ పొందినవి బహు స్వల్పం. మిగిలిన వాటి చరిత్ర ఏమైంది? కంపెనీలు మూతబడినప్పుడు వాటి దస్తావేజులు కూడా చాలాచోట్ల చెత్తబుట్ట పాలయ్యాయి. ఆ లోటును కొంతవరకైనా పూరించినవి అభిమానుల పత్రికలే. న్యూయార్కులో 1934లో 'ఎలక్ట్రిక్ రైల్‌రోడర్స్ అసోసియేషన్', చికాగోలో 1938లో 'సెంట్రల్ ఎలక్ట్రిక్ రైల్‌ఫ్యాన్స్ అసోసియేషన్' ఏర్పడ్డాయి. మొదటి సంఘం 1939 నుండి 'హెడ్‌లైట్స్' అనే పత్రికను వెలువరించింది. రెండవది బులెటిన్లను ప్రచురించింది. వీటి దారిలోనే ఊరూరా చిన్న చిన్న పత్రికలు పుట్టాయి. టైపు కొట్టి, సైక్లోస్టైల్ చేసి, పిన్నులు గుచ్చి, సభ్యులకు తపాలాలో పంపిన నాలుగైదు పుటల పత్రికలు వాటిలో ఎన్నో.

వాటిలో సాహిత్యపు సొగసు వెదకరాదు. ఏ నంబరు బండిని ఏ కర్మాగారం ఏ సంవత్సరంలో తయారు చేసింది, ఏ మార్గం ఏ రాత్రి మూతబడింది, ఏ షెడ్డులో ఎన్ని బండ్లు మిగిలి ఉన్నాయి - పుటల నిండా ఇటువంటి జాబితాలే. అన్యులకు విసుగు పుట్టించే ఈ వివరాలే తరువాతి కాలంలో అమూల్యమయ్యాయి. కోళ్ళ గూడుగా మారిన ఒక పెట్టెను బాగు చేయదలచిన వారికి దాని మోటారు ఏ రకం, చక్రాల చట్రం ఏది, అసలు రంగు ఏమిటి అన్న ప్రశ్నలు ఎదురవుతాయి. వాటికి సమాధానం తరచుగా ఏదో ఒక పాత సంచిక మూలలోనే దొరుకుతుంది.

అభిమానుల కాగితం దేశ రాజకీయాలను కదిలించిన సందర్భమూ ఉంది. ఎలక్ట్రిక్ రైల్‌రోడర్స్ అసోసియేషన్ స్థాపకుడు ఇ. జే క్విన్‌బీ 1946లో ఒక కరపత్రం అచ్చు వేయించి నగరాల మేయర్లకు, ఇతర ప్రముఖులకు పంపాడు. బస్సులు, టైర్లు, చమురు అమ్మే సంస్థలు 'నేషనల్ సిటీ లైన్స్' అనే కంపెనీ వెనుక నిలిచి ట్రాలీ కంపెనీలను కొంటున్నాయని అందులో హెచ్చరించాడు. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం ఆ సంస్థలపై అభియోగం మోపింది. బస్సులు, ఇతర సామగ్రి అమ్మకంలో గుత్తాధిపత్యానికి కుట్ర పన్నాయని 1949లో న్యాయస్థానం తేల్చింది. జనరల్ మోటార్స్‌కు పడిన జరిమానా కేవలం 5,000 డాలర్లు! ట్రాలీల పతనానికి ఈ కుట్ర ఒక్కటే మూలమని నమ్మేవారు నేటికీ ఉన్నారు. అది అతిశయోక్తి; అంతకు చాలా ముందే కంపెనీలు చితికిపోయాయి. అభిమానం ఒక్కొక్కసారి తీర్పరితనాన్ని మించిపోతుంది. కనుక ఈ పత్రికలను చదివేవారు జాబితాలను ఒక విధంగా, ఆరోపణలను మరొక విధంగా తూచవలసి ఉంటుంది.

ఇప్పుడు ఆ పత్రికలకే ఆపద వచ్చింది. చవకరకం కాగితంలోని ఆమ్ల గుణం వల్ల పుటలు పసుపుబారి, ముట్టుకుంటే పెళుసుగా విరిగిపోతాయి. పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినివేస్తాయి. అభిమాని కన్నుమూస్తే, అటక మీది కట్టలు వారసుల చేతిలో చిత్తుకాగితాల కింద అమ్ముడుపోవచ్చు. అందుచేత ముందు పిన్నులు తీసివేసి, ఆమ్లరహితమైన పెట్టెలలో సంచికలను వరుసగా అమర్చి, పిమ్మట స్కాన్ చేస్తారు. అంతటితో పని ముగియదు. బండి నంబరు, ఊరు, తేదీ ఆధారంగా వెదకడానికి వీలైన సూచిక లేకపోతే వేల పుటల బొమ్మలు ఉండి కూడా లేనట్టే.

బండ్లను కాపాడటం ఇంతకన్న కష్టం. కనెక్టికట్ రాష్ట్రంలోని 'షోర్ లైన్ ట్రాలీ మ్యూజియం' 2011లో ఐరీన్, 2012లో శాండీ తుఫానులకు ఉప్పునీటిలో మునిగింది. ఎన్నో బండ్ల మోటార్లు పాడయ్యాయి. బండికి నకలు తీయలేము, పత్రికకు తీయగలము.

భారతదేశంలో మొదటి విద్యుత్ ట్రాము 1895లో మద్రాసులోనే నడిచింది. ఆంధ్రులకు కూడా రాజధానిగా ఉన్న ఆ నగరంలో, ఆంధ్ర రాష్ట్రం అవతరించిన 1953లోనే, ఏప్రిల్ మాసంలో అది ఆగిపోయింది. కలకత్తాలో 1902లో మొదలైన విద్యుత్ ట్రాముల కథ మాత్రం ఇంకా ముగియలేదు. 1996 నుండి అక్కడి అభిమానులు, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ అభిమానులతో కలిసి 'ట్రాంజాత్ర' అనే ఉత్సవం జరుపుతూ వచ్చారు. 2014లో ఎస్ప్లనేడ్ వద్ద ఒక పాత ట్రామునే 'స్మరణిక' అనే ప్రదర్శనశాలగా మార్చారు. 2024 సెప్టెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఎస్ప్లనేడ్-మైదాన్ మార్గం తప్ప తక్కిన మార్గాలలో ట్రాములకు స్వస్తి చెప్పనున్నట్లు ప్రకటించింది. మద్రాసు ట్రాముల వివరాలను ఈనాడు పాత దినపత్రికలలో, వెలిసిపోయిన ఛాయాచిత్రాలలో ఏరుకోవలసి వస్తున్నది. కలకత్తా బండ్ల నంబర్లను, మార్గాలను రాసిపెట్టుకోవడానికి మాత్రం ఆ బండ్లలో ప్రయాణించిన మనుషులు ఇంకా ఉన్నారు.