ఉర్దూలో సాయం అడగడమెట్లా?

1948 దాకా నిజాం రాజ్యంలో ఉర్దూయే రాజభాష. మన భువనగిరి బజారులో ఆ మాట ఇంకా వినబడుతనే ఉంది. అయితే పుస్తకంలో నేర్చిన ఉర్దూ వేరు, తోటి పనివాడితో మాట్లాడే దక్కనీ వేరు.

నిరుడు సెలవుల్లో ఒక గోదాములో పనిచేసిన. ఇంటికాడ వరికోత పడ్డది. నా బదులు ఒక్కరోజు రమ్మని తోటి పనాయన్ను అడగాలె. "మెహర్బానీ కర్‌కే మేరీ జగహ్ కామ్ కీజియే" అన్నాను. "దర్ఖాస్తు చదువుతున్నవా?" అని నవ్వి పోయిండు. ఆ రోజు అమ్మ, నాయిన ఇద్దరే మడిలో వంగారు.

లోపం ఎక్కడంటే, "కీజియే"లో మర్యాద ఉన్నా అది చెయ్యమనడమే. ముందు "భాయ్, జరా ఏక్ కామ్ థా" అని ఆగాలి. "థా" అంటే "ఉండె". మనమూ "అన్నా, జర ఒక పని ఉండె" అంటాం కదా! పని ఇప్పటిదే; గతంలో పెడితే అవతలివాడికి తప్పుకునే సందు దొరుకుతుంది. "క్యా?" అన్నాకే "కల్ మేరే బదలే ఆతే క్యా?" (రేపు నా బదులు వస్తరా?) అనాలి. వీలుకాకుంటే "నై హోతా" అంటాడు, అంతే.

మన "జర" ఈ "జరా"యే. మూలం అరబీ, రేణువని అర్థం. అణువంత పనేనని అడగడమన్నమాట.

కుప్ప నూర్చేనాడు మళ్లీ అడిగిన. "ఆతూఁ, చాయ్ పిలా" అన్నడు.