తాత రికార్డు మీద ముల్లు పెట్టే ముందు: టర్న్‌టేబుల్ సెటప్ ఇలా చేసుకోండి

కొత్త టర్న్‌టేబుల్ అన్‌బాక్స్ చేశారు. ఇక అటక మీదున్న పాత రికార్డులు దించి ప్లే చేసేయాలని చేతులు ఊరుకోవు. ఒక్క నిమిషం ఆగండి. ఫోన్‌లో ఏదైనా సెట్టింగ్ తప్పితే రీసెట్ కొట్టొచ్చు. రికార్డుకి రీసెట్ లేదు. ఒకసారి అరిగిన గాడి మళ్లీ రాదు.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సినారె, 'గులేబకావళి కథ' (1962)తో సినిమా పాటల్లోకి వచ్చారు. ఆ కాలం రికార్డు మీ ఇంట్లో ఉంటే, అది పోయాక అలాంటిదే ఇంకొకటి దొరకడం కష్టం. అందుకే ఈ గైడ్‌లోని స్టెప్స్ అన్నీ ముందు ఒక మామూలు ఎల్‌పీ మీద చేసి చూడండి. తాత రికార్డు చివర్లో.

ముందు రికార్డు ఏ రకమో చూడండి

లేబుల్ మీద 33⅓ లేదా 45 ఉంటే మామూలుగా వినైల్. 78 ఉండి, పళ్లెంలా గట్టిగా, బరువుగా ఉంటే అది షెల్లాక్. కింద పడితే పగిలిపోతుంది. ఈ రెండింటి గాడి సైజు వేరు. ఎల్‌పీకి వాడే మామూలు ముల్లు కొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78కి కావాల్సింది సుమారు 76 మైక్రాన్లు. ఎల్‌పీ ముల్లుని 78 మీద పెడితే అది గాడి అడుగుకి దిగిపోయి, అక్కడి దుమ్మునంతా గీరుతుంది. సౌండ్ కంటే గరగరే ఎక్కువ వినిపిస్తుంది. ఆడియో-టెక్నికా వీఎం95 సిరీస్‌లో 78 కోసం వేరే ముల్లు ఉంది, పాతది లాగేసి ఇది పెట్టుకోవచ్చు. దానికి బరువు ఎక్కువ కావాలి కాబట్టి, బాక్స్ మీద అంకె చూసి మార్చండి.

స్టెప్ 1: చోటు, లెవెల్

డెక్‌ని స్పీకర్ ఉన్న టేబుల్ మీద పెట్టకండి. స్పీకర్ వణుకు ముల్లుకి చేరి, మళ్లీ స్పీకర్‌లోకే వచ్చి గుంయ్‌మంటుంది. కరీంనగర్‌లో ఉన్నవాళ్లకి ఇక్కడ ఒక అడ్వాంటేజ్: గ్రానైట్. కటింగ్ యూనిట్‌లో మిగిలిన టాన్ బ్రౌన్ ముక్క ఒకటి డెక్ కింద వేస్తే మంచి బరువైన బేస్ అవుతుంది. కానీ రాయి ఒక్కటే చాలదు, తడితే అదీ మోగుతుంది. రాయి కింద రబ్బరు లేదా కార్క్ ముక్కలు నాలుగు మూలలా పెట్టండి.

లెవెల్ చూడటానికి ఫోన్ యాప్ వాడితే, కెమెరా బంప్ వల్ల ఫోన్ వంకరగా కూర్చుంటుంది. మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం నయం. ప్లాటర్ మీద అడ్డంగా, నిలువుగా రెండు వైపులా చూడండి.

స్టెప్ 2: కరెంటు, స్పీడ్

అమెరికా నుంచి అన్నయ్యో బావో తెచ్చిన పాత డెక్ అయితే జాగ్రత్త. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. కరెంటు హెర్ట్జ్‌ని బట్టి తిరిగే ఏసీ మోటార్ ఉన్న డెక్‌లో 33⅓ కాస్తా 27.8 అవుతుంది, పాట సుమారు మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. అలాంటి డెక్‌కి 50 హెర్ట్జ్ పుల్లీ దొరుకుతుందేమో చూడాలి. డీసీ మోటార్ ఉన్నవాటికి ఈ తలనొప్పి లేదు.

స్పీడ్ చెక్ చేయడానికి స్ట్రోబ్ డిస్క్ వాడేటప్పుడు 50 హెర్ట్జ్‌ది తీసుకోండి. 33⅓కి దాని మీద 180 గీతలుంటాయి, 60 హెర్ట్జ్ డిస్క్‌లో 216. ఫోన్ గైరోస్కోప్‌తో ఆర్‌పీఎం చూపించే యాప్‌లూ ఉన్నాయి. కానీ ముల్లు రికార్డు మీద ఉన్నప్పుడు ఫోన్ పెట్టొద్దు.

స్టెప్ 3: కార్ట్రిడ్జ్ అలైన్‌మెంట్

ముల్లు గాడికి సరిగ్గా తిన్నగా ఉండాలి. దీనికి ప్రొట్రాక్టర్ కాగితం కావాలి. బేర్‌వాల్డ్ పద్ధతిలో రెండు పాయింట్లు ఉంటాయి: ప్లాటర్ మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. ఈ రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా రావాలి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే 100 శాతం సైజులో తీయమని చెప్పండి. 'ఫిట్ టు పేజ్' పెడితే కొలత కుదించుకుపోతుంది. ఇంటికొచ్చాక స్కేలుతో కొలిచి చూడండి.

స్టెప్ 4: ముల్లు బరువు

అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్ ఇదే. కార్ట్రిడ్జ్ జరిగితే బరువూ మారుతుంది కాబట్టి అలైన్‌మెంట్ తర్వాతే చేయాలి.

యాంటీ-స్కేట్ సున్నా మీద పెట్టండి. ముల్లు మూత తీసి, వెనక బరువుని తిప్పుతూ టోన్‌ఆర్మ్ గాల్లో అడ్డంగా తేలేలా చేయండి. ఇప్పుడు బరువు కదలకుండా, అంకెల రింగ్‌ని మాత్రమే సున్నాకి తిప్పండి. తర్వాత రెండూ కలిపి కావాల్సిన అంకెకి తిప్పండి. వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌కి 1.8 నుంచి 2.2 గ్రాములు, మధ్యలో 2.0 సరిపోతుంది.

బరువు ఎక్కువైతే గాడి అరుగుతుందని అందరికీ తెలుసు. తక్కువైనా అరుగుతుంది. తేలికైన ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి గోడల్ని కొడుతుంది. అందుకే 'తక్కువ పెడితే సేఫ్' అనుకోవద్దు.

నమ్మకంగా కొలవాలంటే 0.01 గ్రాము చూపించే డిజిటల్ స్కేల్ కావాలి. కానీ నగలు తూచే స్కేల్ పళ్లెం ఇనుముదైతే కార్ట్రిడ్జ్‌లోని అయస్కాంతం దాన్ని లాగి అంకె తప్పు చూపిస్తుంది. స్టైలస్ కోసమే చేసిన స్కేల్ తీసుకోండి.

స్టెప్ 5: యాంటీ-స్కేట్, ఎత్తు

రికార్డు తిరుగుతుంటే టోన్‌ఆర్మ్ లోపలికి లాగబడుతుంది. దాన్ని బ్యాలెన్స్ చేసేదే యాంటీ-స్కేట్. బరువు 2 అయితే ఇదీ 2 దగ్గర మొదలుపెట్టండి. 'స, ష' అక్షరాలు ఒక చెవిలోనే చిట్లుతుంటే కొంచెం అటూ ఇటూ మార్చండి. తర్వాత పక్క నుంచి చూడండి: ముల్లు రికార్డు మీద ఉన్నప్పుడు టోన్‌ఆర్మ్ రికార్డుకి సమాంతరంగా ఉండాలి.

స్టెప్ 6: కనెక్షన్

ఇలాంటి మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. ఫోనో ప్రీయాంప్ లేకుండా నేరుగా ఆక్స్‌కి పెడితే సౌండ్ చిన్నగా, బేస్ లేకుండా వస్తుంది. డెక్‌లోనే ప్రీయాంప్ ఉంటే స్విచ్ 'లైన్'లో పెట్టి ఆక్స్‌కి కలపండి. యాంప్లిఫయర్‌లో ఫోనో ఇన్‌పుట్ వాడితే స్విచ్ 'ఫోనో'లో పెట్టండి. రెండు ప్రీయాంప్‌లు కలిస్తే సౌండ్ పగిలిపోతుంది. హమ్ వస్తుంటే గ్రౌండ్ వైర్ చూడండి.

మన వాతావరణం

ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్‌లో 45 డిగ్రీలు మామూలే. రేకుల గదిలో, కారులో రికార్డులు వదిలితే వంగిపోతాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టండి. ఆదిలాబాద్ చలికాలం పొద్దున సింగిల్ డిజిట్‌లో ఉన్నప్పుడు ముల్లుని పట్టుకునే రబ్బరు బిగుసుకుంటుంది, గది కాస్త వెచ్చబడ్డాకే ప్లే చేయండి.

గోదావరిఖని, మంచిర్యాల వైపు దుమ్ము ఎక్కువ. ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడవండి. ఇంకోటి గుర్తుంచుకోండి: 78 షెల్లాక్‌కి ఆల్కహాల్ ఉన్న క్లీనర్ వాడొద్దు, షెల్లాక్ కరిగిపోతుంది.

చివరిగా: మామూలు ఎల్‌పీ మొత్తం ఒక వైపు ప్లే చేయండి. చివరి పాట దగ్గర కూడా గొంతు చిట్లకుండా, ముల్లు జారకుండా ఉంటే సెటప్ ఓకే. తాత రికార్డు 78 అయితే ముల్లు, బరువు, స్పీడ్ మూడూ మార్చారో లేదో చూసుకొని, అప్పుడు పెట్టండి.