తల మీద చెయ్యి పెట్టే ముందు

బేర్ సరాయ్, కొత్త ఢిల్లీ
ఆదివారం రాత్రి

చిరంజీవి చిన్నాకు మేనత్త దీవించి రాయునది.

మొన్న ఫోన్లో ఎంత సంబరంగా చెప్పావురా! వార్డెన్‌గా చేరి నెల తిరక్కుండానే హాస్టల్ని దారిలో పెట్టావనీ, సెలూన్ అతన్ని పిలిపించి పద్నాలుగు మంది మగపిల్లల ‘చైనీస్ కటింగు’లు తీయించి పారేశావనీ. ఒకడు మాత్రం ఏడ్చి, చెయ్యి విదిలించుకుని ప్రహరీ దాకా పరిగెత్తాడనీ, ఇద్దరు పట్టుకొచ్చి కూర్చోబెట్టారనీ అన్నావు. నేను ‘మంచిది నాన్నా’ అని పెట్టేశాను. ఆ మాట అన్నందుకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. నాకది మంచిదనిపించలేదు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం వస్తావు. అందుకే రాస్తున్నాను, నింపాదిగా చదువు.

నేను పంతులమ్మను కాను. పాతికేళ్లుగా ఈ సందుల్లో పిల్లలకు అన్నం పెడుతున్నదాన్ని. బేర్ అంటే రేగు, సరాయ్ అంటే సత్రం. పేరుకు తగ్గట్టు ఇది ఇప్పటికీ సత్రమే. ఒక పక్క ఐఐటీ, ఇంకో పక్క జేఎన్‌యూ, మధ్యలో సివిల్స్ నోట్సులు కట్టలు కట్టలుగా జిరాక్స్ తీసే కొట్లు, ఇరుకు గదులు. మన మెస్‌లో గుంటూరు, వరంగల్ పిల్లలతో పాటు మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ పిల్లలూ తిన్నారు. మణిపూర్‌లో కూడా గోంగూర వండుతారని నాకు చెప్పింది వాళ్లే.

2014 జనవరిలో జరిగింది నీకు తెలియాలి. నిడో తానియా అని అరుణాచల్ కుర్రాడు, పంజాబ్‌లో చదువుకుంటూ ఢిల్లీ వచ్చాడు. జనవరి 29న లాజ్‌పత్ నగర్‌లో ఏదో చిరునామా వెతుక్కుంటున్నాడు. జుట్టుకు రంగు వేసుకున్నాడు. ఒక కొట్టు దగ్గర ఆ జుట్టును చూసి వెక్కిరించారు. అతను కోపం పట్టలేక కొట్టు అద్దం పగలగొట్టాడు. వాళ్లు అతన్ని కొట్టారు. మర్నాటికి ప్రాణం పోయింది. మొదలు చూస్తే జుట్టు మీద ఒక మాట, అంతే.

అప్పట్లో మన మెస్‌కు రోజూ వచ్చే ఒక అరుణాచల్ అబ్బాయి ఉండేవాడు. నుదుటి మీదకు పడే రాగిరంగు జుట్టు, తినేటప్పుడు ఎడం చేత్తో వెనక్కి తోసుకునేవాడు. ఆ వారం మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు టోపీ పెట్టుకుని వచ్చాడు. వడ్డించడానికి వంగితే చూశాను, జీరో మెషిన్ వేయించేశాడు. ఏమైంది బాబూ అంటే, ‘అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది ఆంటీ, తీసేయమంది’ అన్నాడు. అన్నం తింటున్నంతసేపూ ఆ ఎడం చెయ్యి అలవాటుగా నుదుటి మీదకు పోతోంది, అక్కడ ఏమీ లేదు. ఆ చెయ్యిని నేను మర్చిపోలేదు చిన్నా. నీ హాస్టల్లో ప్రహరీ దాకా పరిగెత్తిన పిల్లాడి సంగతి చెప్పగానే నాకు గుర్తొచ్చింది అదే.

ఆ ఏడాదే కేంద్రం బెజ్‌బరువా కమిటీని వేసింది. జాతిని బట్టి అవమానించడాన్ని నేరంగా చూసే సెక్షన్లు చట్టంలో చేర్చమనీ, ఈశాన్య రాష్ట్రాల చరిత్ర పాఠాల్లో పెట్టమనీ ఆ కమిటీ చెప్పింది. ఢిల్లీ పోలీసులు ఆ పిల్లల కోసం 1093 అని హెల్ప్‌లైన్ పెట్టారు. అంతకు ముందు 2007లో అదే పోలీసు శాఖ వాళ్లకొక చిన్న పుస్తకం వేసింది. ఒంటి మీద బట్టలు ఎలా ఉండాలో, వెదురు చిగుళ్ల కూర ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా ఎలా వండుకోవాలో అందులో సలహాలు. వెక్కిరించేవాడికి ఏ పుస్తకమూ వేయలేదు. దెబ్బ తినేవాడే మారాలని పెద్దవాళ్లమంతా ఎంత తేలిగ్గా అనేస్తామో చూడు.

నువ్వన్న ‘చైనీస్ కటింగ్’ మాట కూడా నాకు గుచ్చుకుంది. ఇక్కడ ఈశాన్య పిల్లల్ని ‘చింకీ’ అని వెక్కిరిస్తారు. ఆ మాటంటే ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టవచ్చని 2012లో కేంద్ర హోంశాఖే రాష్ట్రాలకు రాసింది. ఎవరిదో ముఖాన్ని, ఎవరిదో దేశాన్ని తీసుకొచ్చి ఒక పిల్లాడి తలకు తిట్టుగా అంటించడం రెండు చోట్లా ఒకటే. 2024 నవంబరులో మన ఖమ్మం ప్రభుత్వ వైద్య కళాశాలలో ఈ ‘చైనీస్ కటింగ్’ పేరుతోనే మొదటి సంవత్సరం విద్యార్థికి గుండు కొట్టించారు. తీసుకెళ్లింది ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్. తర్వాత ఆయన్ని హాస్టల్ బాధ్యతల నుంచి తప్పించారు. అదే నెలలో జి.మాడుగుల కస్తూర్బా విద్యాలయంలో ఆలస్యంగా వచ్చారని ఆడపిల్లల జుట్టు కత్తిరించారు. నీళ్లు రాక ఆలస్యమైందని ఆ పిల్లలు మొత్తుకున్నారు. నీళ్లు లేకపోవడం పెద్దల తప్పు, జుట్టు పోయింది పిల్లలకు.

నీ పుట్టువెంట్రుకలు తీసిన రోజు నీకు గుర్తుండదులే. యాదగిరిగుట్ట మొక్కు అని అయిదో ఏడు దాకా ఉంచాం. బడిలో ఎవరో ‘ఆడపిల్ల’ అన్నారని జడ పట్టుకుని ఏడుస్తూ వచ్చావు. మీ నాన్న బడికి వెళ్లి మొక్కు సంగతి చెప్పాడు, పంతులుగారు సరేనన్నారు. గుట్ట మీద మీ మేనమామ ముందు మూడు కత్తెరలు వేశాడు. నువ్వు తాత ఒళ్లో కూర్చున్నావు, చేతిలో కొబ్బరి ముక్క. ఎవరు తీస్తారో, ఎందుకు తీస్తారో, ఏ ఊళ్లో తీస్తారో నీకు నెల ముందు నుంచీ చెబుతూనే ఉన్నాం. తిరుమల కల్యాణకట్టలో రోజూ వేలమంది తమంతట తాము తల వంచి ఇస్తారు. ఆ వెంట్రుకలను తలనీలాలంటాం. అదే కత్తిని ఇష్టం లేని తల మీద పెడితే మన భాషలోనే దానికి వేరే మాట ఉంది, శిరోముండనం. 1996 డిసెంబరులో తూర్పుగోదావరి వెంకటాయపాలెంలో దళిత యువకులకు చేసింది అదే. తీర్పు రావడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం బలవంతపు శిరోముండనాన్ని పేరు పెట్టి నేరమంది. నీ దగ్గరున్నది కోయ, లంబాడా పిల్లలు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చదివావా? ఒంటిని నొప్పించడమే కాదు, మనసును హింసించడమూ అందులో నిషేధమే.

‘అయితే క్రమశిక్షణ వద్దా అత్తా?’ అంటావు. కావాలి. వంద మంది ఒక గదిలో పడుకునే చోట జుట్టు శుభ్రంగా ఉండాలి, పేలు పడకూడదు. దానికి వారానికి రెండుసార్లు తలస్నానానికి నీళ్లు, సబ్బు, పిల్లాడికో దువ్వెన చూడు ముందు. పొడవెంత ఉండాలో కాగితం మీద రాసి, తల్లిదండ్రులు వచ్చే రోజున చదివి వినిపించు. చదవలేని వాళ్లకు వాళ్ల భాష వచ్చిన మనిషితో చెప్పించు. గడువివ్వు. కటింగ్ రోజున ఒక్కొక్కరినీ లోపలికి పిలువు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి నవ్వకూడదు, ఫోన్లు బయటికి రాకూడదు. ఇక నియమం అందరికీ ఒకటేనా అన్నది నిన్ను నువ్వు అడుగు. అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాడు గడ్డం, జుట్టు పెంచుకుని నల్లబట్టల్లో వస్తే మన బడులు చాలావరకు ఊరుకుంటాయి, ఊరుకోవాలి కూడా. మరి అమ్మవారికి మొక్కుకుని జుట్టు పెంచిన కోయ పిల్లాడిని అడిగావా? పుట్టుకతో ఉంగరాల జుట్టున్న వాడిది నూనె పెట్టినా అణగదు, వాణ్ణి రోజూ ‘దువ్వుకోలేదా’ అంటే వాడేం చేస్తాడు? దక్షిణాఫ్రికాలో ప్రిటోరియా బాలికల హైస్కూల్లో 2016లో నల్లజాతి ఆడపిల్లలు నిరసనకు దిగింది దీని మీదే, వాళ్ల జుట్టు పెరిగే తీరే ‘నీటుగా లేదు’ అన్నందుకు. 2019లో కాలిఫోర్నియా అలాంటి వివక్షను చట్టంతోనే ఆపింది.

చిన్నా, నువ్వు చెడ్డవాడివి కావు. చేరిన మొదటి నెలలోనే ఆ పిల్లలకు క్యారమ్ బోర్డు కొన్నవాడివి. నిన్ను చూసి భయపడితే చాలనుకునే వార్డెన్లు చాలామంది ఉన్నారు, నువ్వు వాళ్లలో కలవకు.

ఈ ఉత్తరం అందిన మర్నాడు ప్రేయర్‌కు ముందు ఆ పరిగెత్తిన పిల్లాడి దగ్గరికి వెళ్లు. జుట్టు ఎందుకు పెంచుకున్నాడో అడుగు, చెప్పేదాకా ఆగు. తర్వాత ప్రేయర్‌లో, అందరి ముందు తీయించావు గనక అందరి ముందే, ‘నాది తప్పు’ అని చెప్పు. చెప్పాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి పదకొండు దాకా మెస్‌లోనే ఉంటాను.

ఇట్లు,
నీ మేనత్త